ఆ బోర్డుల్లో మన పిల్లల తరఫున ఎవరున్నారు?

విదేశీ విద్య శీర్షికకు ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే సందేహం రకరకాలుగా కనబడింది. పరాయి దేశంలో చదివే పిల్లల సీట్లు, ఫీజులు, ఫిర్యాదుల మీద నిర్ణయాలు చేసే మండళ్ళలో ఎవరు కూర్చుంటారు? చిన్న కాలేజీల మాట, విద్యార్థుల మాట అక్కడ చెల్లుతుందా? కొన్నిటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మా మనవడు ఆస్ట్రేలియాలో వంటపని డిప్లొమాకు వెళ్దామనుకుంటున్నాడు. విదేశీ విద్యార్థుల సంగతి చూసే సంఘాల్లో అక్కడంతా పెద్ద యూనివర్సిటీలదే పెత్తనమని విన్నాం. చిన్న కాలేజీలో చేరే పిల్లవాడికి దానివల్ల నష్టం ఏమైనా ఉంటుందా?
— రిటైర్డు ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: ఉంటుంది. ఆ నష్టం వీసా ఆలస్యంగానో, ఫీజు రూపంలోనో తగులుతుంది కాబట్టి బోర్డుతో దానికున్న లంకె పైకి కనబడదు.

ఆస్ట్రేలియాలో విదేశీ విద్య అంటే ఒకే రంగం కాదు. బడులు, ఇంగ్లీషు భాషా కోర్సులు, యూనివర్సిటీకి ముందు చదివే ఫౌండేషన్ కోర్సులు, వృత్తి విద్య, ఉన్నత విద్య అని విడివిడిగా ఉన్నాయి. ఒక్కోదాని నడక వేరు. ప్రభుత్వ యూనివర్సిటీ మూతపడటమన్నది దాదాపు జరగదు. అద్దె భవనంలో నడిచే ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీకి రెండు బ్యాచీలు తగ్గితే జీతాలకే కటకట. పది వారాల భాషా కోర్సుకైతే వీసా నెల రోజులు ఆలస్యమైతే చాలు, కోర్సు దాదాపు సగం అయిపోతుంది. అందరికీ ఒకే నిబంధన పెట్టినా అది ఒకరికి గీరుకున్నట్టు, ఇంకొకరికి కాలు విరిగినట్టు తగులుతుంది. బోర్డులో అన్ని రంగాల వాళ్ళూ ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

అంకెల్లో చూద్దాం. 2025లో కొత్తగా చేరే విదేశీ విద్యార్థుల సంఖ్యను అక్కడి ప్రభుత్వం 2,70,000గా అనుకుంది. అందులో ప్రభుత్వ యూనివర్సిటీలకు 1,45,000, వృత్తి విద్యకు 95,000, మిగిలిన యూనివర్సిటీలకు, ప్రైవేటు ఉన్నత విద్యా సంస్థలకు కలిపి 30,000. బడులు, భాషా కోర్సులు, పరిశోధన విద్యార్థులు ఈ లెక్కలోకి రాలేదు. 2024 డిసెంబరు 19న అమల్లోకి వచ్చిన మంత్రి 111వ నంబరు ఆదేశం ప్రకారం, ఒక సంస్థకు కేటాయించిన సంఖ్యలో 80 శాతం నిండేదాకా దాని విద్యార్థుల వీసా దరఖాస్తులు ముందు వరసలో కదిలాయి. ఆ గీత దాటిన సంస్థ దరఖాస్తులు వెనక వరసలోకి పోయాయి. అంటే మనవడి వీసా ఎన్ని వారాలు పడుతుందన్నది, ఏ రంగానికి ఎంత వాటా పంచారన్నదాని మీద కూడా ఆధారపడింది. 2026కు మొత్తం సంఖ్యను 2,95,000కు పెంచారు. ఈ ఆదేశాలు తరచూ మారతాయి కనుక దరఖాస్తు వేసే నెలలో ఏది అమల్లో ఉందో చూసుకోండి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ పరిమితిని చట్టంగా తేవాలని 2024లో పెట్టిన బిల్లు పార్లమెంటులో గట్టెక్కలేదు. ఆ తర్వాత వీసా పరిశీలన వరస మార్చి దాదాపు అదే పని చేశారు. కాబట్టి బోర్డులో ఎవరున్నారని అడగడానికి ముందు, అసలు ఆ నిర్ణయం ఆ బోర్డు గుండా వెళ్తుందా అని అడగాలి. సలహా మండలిలో పది రంగాల వాళ్ళను కూర్చోబెట్టి, అసలు నిర్ణయాన్ని మంత్రి సంతకంతో కానిచ్చేస్తే ఆ పది కుర్చీలకు విలువ లేదు.

డబ్బుకు కాపలా కాసే బోర్డు సంగతి వేరు. కాలేజీ మూతపడితే విద్యార్థి ఫీజును కాపాడే ట్యూషన్ ప్రొటెక్షన్ సర్వీస్ 2012లో వచ్చింది. కాలేజీలు ఏటా కట్టే రుసుముతో దాని నిధి నడుస్తుంది. నష్టభయం ఎక్కువున్న సంస్థ ఎక్కువ కడుతుంది. నష్టభయాన్ని బట్టి కట్టే ఆ భాగం ఎంతుండాలో దాని డైరెక్టరుకు చెప్పడానికి ఒక సలహా బోర్డు ఉంది, దాని సభ్యులను మంత్రి నియమిస్తారు. ఇలాంటి చోట రంగాల వాళ్ళకు కుర్చీలు పంచితే పెద్దవాళ్ళు భారమంతా చిన్నవాళ్ళ మీదికి తోస్తారు. లేదా చిన్నవాళ్ళు రుసుము తగ్గించుకుని నిధిని ఎండగడతారు. అందుకే లెక్కలు, బీమా, చట్టం తెలిసినవాళ్ళకు ఇక్కడ ముందు చోటివ్వాలని మా అభిప్రాయం. ప్రవర్తనా నియమాలు రాసే బోర్డులో మాత్రం ప్రతి రంగమూ ఉండి తీరాలి.

మీ మనవడి వరకు చేయాల్సింది: కాలేజీకి, కోర్సుకు రెండింటికీ క్రికోస్ రిజిస్టరులో (విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న సంస్థల, కోర్సుల ప్రభుత్వ జాబితా) కోడ్ ఉందో లేదో విడివిడిగా చూడండి. కాలేజీకి ఉండి కోర్సుకు లేకపోవడం జరుగుతుంటుంది. కోర్సు 25 వారాలకు మించితే, మొదలవక ముందే సగానికి మించి ట్యూషన్ ఫీజు కట్టమని బలవంతపెట్టే హక్కు కాలేజీకి లేదు. మీరై మీరు ఎక్కువ కడితే అది వేరే మాట, కట్టవద్దనే మా సలహా. కాలేజీ కోర్సు మొదలుపెట్టకపోయినా, మధ్యలో ఆపేసినా 14 రోజుల్లో వేరే చోట సీటైనా చూపాలి, జరగని చదువు తాలూకు ఫీజైనా తిరిగివ్వాలి. రెండూ చేయకపోతే ట్యూషన్ ప్రొటెక్షన్ సర్వీస్ రంగంలోకి దిగుతుంది. ఇక్కడ కన్సల్టెన్సీకి కట్టిన సర్వీసు చార్జీ ఆ రక్షణ కిందికి రాదు. కాలేజీతో చేసుకున్న రాతపూర్వక ఒప్పందం, ఫీజు రసీదులు, బ్యాంకు విదేశానికి డబ్బు పంపిన కాగితం ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోండి.

ప్రశ్న: మా ఇంజినీరింగు కాలేజీలో విదేశీ యూనివర్సిటీలతో ఒప్పందాలు, పై చదువులకు వెళ్ళే పిల్లల వ్యవహారాలు చూసేందుకు ఒక సలహా మండలి పెట్టాలనుకుంటున్నాం. తొమ్మిది మందిలో ఆరుగురు తమవాళ్ళే ఉండాలని యాజమాన్యం అంటోంది. రెండు కన్సల్టెన్సీలు తమకూ చోటు అడుగుతున్నాయి. న్యాయంగా ఎలా పంచాలి?
— అధ్యాపకుడు, ఒంగోలు

జవాబు: కుర్చీల సంఖ్య తర్వాత చూద్దాం. ముందు ఒక తెల్లకాగితం మీద ఈ మండలి ఏమేం తేలుస్తుందో రాయండి: ఏ యూనివర్సిటీతో ఒప్పందం, క్రెడిట్ల బదిలీ, ఏ కన్సల్టెన్సీని క్యాంపస్‌లోకి రానివ్వాలి, పిల్లల దగ్గర ఎంత వసూలు చేయాలి. ఒక్కో నిర్ణయం ఎదురుగా, అది తప్పయితే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో రాయండి. ఎక్కువ వరసల్లో విద్యార్థి, తల్లిదండ్రుల పేర్లే వస్తాయి. మీ యాజమాన్యం అడిగిన తొమ్మిదిలో ఆరు లెక్కకు, ఆ కాగితానికి పొంతన ఉండదు.

మేమైతే పదకొండుగురిని సూచిస్తాం. యాజమాన్యం నుంచి ఇద్దరు, అధ్యాపకులు ముగ్గురు, చదువుతున్న విద్యార్థులు ఇద్దరు, విదేశంలో ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు, తల్లిదండ్రుల తరఫున ఒకరు, కాలేజీతో సంబంధం లేనివాళ్ళు ఇద్దరు. ఈ చివరి ఇద్దరిలో ఒకరు చార్టర్డ్ అకౌంటెంటో వకీలో అయితే, రెండోవారు వేరే విశ్వవిద్యాలయంలో పనిచేసి రిటైరైన ఆచార్యులైతే బాగు. ఇందులో ఒక కిటుకుంది. అధ్యాపకులకు జీతమిచ్చేది యాజమాన్యమే కనుక ఓట్ల లెక్కలో వాళ్ళిద్దరినీ ఒకే గంపలో వేసి చూడాలి. అప్పుడు రెండూ మూడూ కలిపి ఐదు, పదకొండులో సగానికి లోపే. ఏ ఒక్క వర్గమూ సొంతంగా తీర్మానం నెగ్గించుకోలేకపోవడమే సరైన కొలత. ముగ్గురు అధ్యాపకుల్లో ఇద్దరు కంప్యూటర్ సైన్సు వాళ్ళే కాకుండా చూడండి. మెకానికల్, సివిల్ పిల్లలు వెళ్ళే దేశాలు, యూనివర్సిటీలు వేరు.

రంగాల పేర్లు నియమావళిలో విడివిడిగా రాయండి. మీ జిల్లావాళ్ళకు తెలిసిన ఉదాహరణే తీసుకోండి. 1975 నాటి పొగాకు బోర్డు చట్టం సాగుచేసే రైతులను, వ్యాపారులూ ఎగుమతిదారులను, తయారీదారులను వేరువేరుగా పేర్కొంది. అలా కాక ‘పొగాకు రంగ ప్రతినిధులు పదిమంది’ అని మాత్రమే రాసి ఉంటే, టంగుటూరు వేలంకేంద్రం ముందు బేళ్ళతో నిలబడే రైతుకు ఆ పదిలో ఎన్ని దక్కేవో ఊహించుకోవచ్చు. 1956 నాటి యూజీసీ చట్టంలోనూ ఇలాంటి కట్టుబాటు ఉంది. ఛైర్మన్, వైస్ ఛైర్మన్ కాక పదిమంది సభ్యుల్లో ఇద్దరు కేంద్ర ప్రభుత్వ అధికారులు, ‘నలుగురికి తక్కువ కాకుండా’ పనిలో ఉన్న యూనివర్సిటీ అధ్యాపకులు ఉండాలి. ‘తక్కువ కాకుండా’ అన్న ఆ మాటే రక్ష. అయితే విద్యార్థికంటూ అందులో కుర్చీ లేదు.

ఎవరు ఎంపిక చేస్తారన్నది కుర్చీల సంఖ్యకన్నా ముఖ్యం. విద్యార్థి ప్రతినిధిని ప్రిన్సిపాల్ నామినేట్ చేస్తే అది యాజమాన్యానికి మూడో ఓటు. ఎన్నిక పెట్టండి, లేదా క్లాసు ప్రతినిధులందరూ కలిసి ఎన్నుకోనివ్వండి. ఒక్క విద్యార్థిని పదిమంది పెద్దల మధ్య కూర్చోబెడితే నోరు పెగలదు, అందుకే ఇద్దరు. ఫైనలియర్ పిల్లలను ఎన్నుకుంటే మే నెలలో వెళ్ళిపోతారు, కొత్తవాళ్ళు వచ్చేసరికి ఆగస్టు. అమెరికా కాలేజీలు వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రాలు, యూకే అంగీకార పత్రాలు ముమ్మరంగా వచ్చే ఆ మూడు నెలలూ వాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మూడో ఏడాది వాళ్ళను ఫిబ్రవరిలో ఎన్నుకుని జూన్‌లో బాధ్యతలివ్వండి. పెద్దల పదవీకాలం మూడేళ్ళు, అందరూ ఒకేసారి దిగిపోకుండా ఏటా మూడో వంతు మారేట్టు.

కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒక విద్యార్థి, ఒక బయటి సభ్యుడు ఉండి తీరాలి. లేకపోతే పరీక్షల వారంలో సమావేశం పెట్టి పని కానిచ్చేస్తారు. మామూలు విషయాలకు హాజరైనవాళ్ళలో మెజారిటీ చాలు, యూనివర్సిటీతో ఒప్పందానికి మాత్రం పదకొండులో ఎనిమిది ఓట్లు పెట్టండి. అధ్యక్షుడు బయటి ఇద్దరిలో ఒకరు కావాలి, ఆయనకు రెండో ఓటు వద్దు. ఓట్లు సమానమైతే ఒకసారి వాయిదా, మళ్ళీ సమానమైతే ప్రతిపాదన వీగినట్టే. కాగితాలు ఏడు రోజుల ముందు చేరాలి. సమావేశంలో చేతికిచ్చిన ఒప్పందాన్ని ఆ రోజే ఆమోదించకూడదని నియమం రాసుకోండి. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థి వీడియోలో కలవాలంటే సమయం చూసుకోవాలి. వేసవిలో డల్లాస్‌లో రాత్రి 8.30 అయితే ఒంగోలులో ఉదయం 7, చలికాలంలో 8. మధ్యాహ్నం మూడింటికి పిలిస్తే ఆయన రాడు, రాలేదని మినిట్స్‌లో, అంటే సమావేశపు రికార్డులో, రాసుకోవడమే మిగులుతుంది.

కన్సల్టెన్సీలకు ఓటూ వద్దు, కుర్చీ కూడా వద్దు. పిల్లవాడు చేరితే మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం కమిషన్‌గా అవతలి కాలేజీ వాళ్ళకిస్తుంది. ఏ కాలేజీ మంచిదో తేల్చే చోట వాళ్ళు తీర్పరులు కాలేరు. వాళ్ళకు తెలిసిన సమాచారం మనకు కావాలి కనుక పిలిచి, అడిగి, సమాధానం రాసుకుని, చర్చ మొదలయ్యే ముందు బయటికి పంపండి. మండలి సభ్యులకూ అదే నియమం. తనకో, భార్యకో, అన్నదమ్ములకో, బామ్మర్దికో కన్సల్టెన్సీలో వాటా ఉంటే ఏడాది మొదట్లో రాతపూర్వకంగా చెప్పాలి, ఆ అంశం వచ్చినప్పుడు గది వదిలి వెళ్ళాలి, ఎన్నింటికి వెళ్ళి ఎన్నింటికి వచ్చారో మినిట్స్‌లో పడాలి. మన ప్రాంతంలో బామ్మర్ది పేరును మరిచిపోకుండా రాయించడం మరీ అవసరం.

ఇంకో జాగ్రత్త: ఈ మండలి పెట్టామని ఫిర్యాదుల కమిటీని ఎత్తేయకూడదు. 2023 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఆచార్యుడు అధ్యక్షుడు, నలుగురు ఆచార్యులు లేదా సీనియర్ అధ్యాపకులు సభ్యులు. కమిటీలో కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల నుంచి కనీసం ఒకరు ఉండాలి. పదవీకాలం రెండేళ్ళు, 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి లేకపోతే విద్యార్థి మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్ (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) దగ్గరికి వెళ్ళవచ్చు. ఆ కమిటీలో విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడు మాత్రమే, కోరం లెక్కలోకి కూడా రాడు. ఆ లోటును మీ మండలిలోనైనా పూడ్చండి.

ప్రశ్న: అమెరికాలో ఒక కాలేజీకి అక్రెడిటేషన్ ఉందంటే నమ్మవచ్చా? ఆ గుర్తింపు ఇచ్చే సంస్థను ఎవరు నడుపుతారు?
— ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: గుర్తింపు ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు, కాలేజీలు కట్టే రుసుముతో నడిచేవి. కాలేజీలకు మార్కులు వేసేది తోటి కాలేజీల వాళ్ళేనన్నమాట. అందుకే ఫెడరల్ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. తన గుర్తింపు కావాలంటే, సభ్య కాలేజీలతో ముడిపడ్డ ఇలాంటి సంస్థల నిర్ణయ మండలిలో కనీసం ఏడో వంతు సామాన్య ప్రజల తరఫు సభ్యులుండాలి. పద్నాలుగు మందిలో ఇద్దరు, ఇరవై ఒక్క మందిలో ముగ్గురు. ప్రజల తరఫు సభ్యుడు అంటే ఆ సంస్థ గుర్తించిన కాలేజీల్లో ఉద్యోగి, పాలకుడు, యజమాని, వాటాదారు, సలహాదారు కాకూడదు. అలాంటివారి భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు కూడా కాకూడదు. ఏడో వంతు తక్కువే అంటాం. కానీ బంధుత్వం దాకా వెళ్ళి గిరిగీసిన ఆ నిర్వచనం మాత్రం మన కాలేజీలు యథాతథంగా తెచ్చుకోదగ్గది.

ఈ సంస్థల మీద విద్యాశాఖకు సలహా ఇచ్చే జాతీయ కమిటీలో 18 మంది. విద్యా మంత్రి, ప్రతినిధుల సభ, సెనేట్ తలా ఆరుగురిని పెడతారు. మంత్రి పెట్టేవాళ్ళలో ఒకరు విద్యార్థి కావాలి.

ఇక నమ్మకం సంగతి. విదేశీ విద్యార్థులకు ఐ-20 ఇచ్చే అనుమతి వేరు, అక్రెడిటేషన్ వేరు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీకి మొదటిది ఉంది, రెండోది లేదు. 2011 జనవరిలో దాని మీద దాడి జరిగాక చిక్కుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీనైతే దర్యాప్తు అధికారులే వలగా నడిపారు, అక్రెడిటేషన్ ఉన్నట్టు కూడా చూపించారు. కాబట్టి జాబితాల్లో పేరుండటం అవసరమే కానీ సరిపోదు. అమెరికా విద్యాశాఖ అక్రెడిటేషన్ డేటాబేసులో, ఐ-20 ఇచ్చే అనుమతి ఉన్న కాలేజీల ఎస్.ఇ.వి.పి. జాబితాలో రెండు చోట్లా చూడండి. గుర్తింపు స్థితి పక్కన ‘వార్నింగ్’, ‘ప్రొబేషన్’, ‘షో కాజ్’ అని ఉందేమో చదవండి. గుర్తింపు ఇచ్చిన సంస్థకే ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో కూడా చూడాలి. 2022 ఆగస్టులో ఏ.సి.ఐ.సి.ఎస్. అనే సంస్థ దాన్ని పోగొట్టుకుంది. అలాంటప్పుడు ఆ కాలేజీలకు వేరే సంస్థను వెతుక్కోవడానికి 18 నెలల గడువుంటుంది. రెండేళ్ళ కోర్సుకు అది చాలదు. చివరగా, ఈ సెమిస్టరు టైంటేబులు, పాఠం చెప్పేవారి పేర్లు అడగండి. మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని గొప్పగా చెప్పి, క్లాసు గది గురించి నసిగే చోటికి వెళ్ళవద్దు.

ప్రశ్న: కెనడాలో ఏ కాలేజీకి ఎంతమంది విదేశీ విద్యార్థులో ఎవరు పంచుతారు?
— టంగుటూరు

జవాబు: కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు పంచుతుంది, రాష్ట్రం తన సంస్థలకు పంచుకుంటుంది. 2024లో ఒంటారియో తన వాటాలో 96 శాతం ప్రభుత్వ యూనివర్సిటీలకు, కాలేజీలకు ఇచ్చేసింది. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ సంస్థలకు 53, ప్రైవేటుకు 47 శాతం ఇచ్చింది. పైనుంచి వచ్చిన నియమం ఒకటే. ఒకే రకం ప్రైవేటు కాలేజీకి ఒక రాష్ట్రంలో వాటా దాదాపు దక్కలేదు, ఇంకోదాంట్లో సగానికి దగ్గరగా దక్కింది. ఫీజు కట్టే ముందు, మీవాడి కోర్సుకు రాష్ట్ర ధ్రువీకరణ లేఖ అవసరమా, అవసరమైతే కాలేజీ దగ్గర ఇంకా మిగిలి ఉన్నాయా అని ఈమెయిల్లో అడిగి జవాబు రాయించుకోండి. ఫోనులో చెప్పింది లెక్కలోకి రాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతోంది. యూనివర్సిటీ బోర్డులో విద్యార్థి ప్రతినిధిగా నిలబడతానంటోంది. వీసాకు ఇబ్బందా? అంత అవసరమా?
— ఒక తల్లి, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: నిలబడనివ్వండమ్మా. జీతం లేని క్లాసు ప్రతినిధి, బోర్డు ప్రతినిధి పదవులకు వీసా ఇబ్బంది లేదు. జీతమిచ్చే పార్ట్‌టైము పదవైతే డిగ్రీ స్థాయి విద్యార్థికి టర్ము రోజుల్లో ఉన్న వారానికి 20 గంటల పరిమితిలోకి వస్తుంది. విద్యార్థి సంఘంలో ఎన్నికై పూర్తికాలం చేసే సబాటికల్ పదవికి విద్యార్థి వీసా మీదే గరిష్ఠంగా రెండేళ్ళు అనుమతి ఉంది. గెలిచాక యూనివర్సిటీ వీసా కార్యాలయంతో మాట్లాడి, వీసా గడువు సంగతి ముందే తేల్చుకోవాలి.

చట్టం విద్యార్థికి ఎంత చోటిచ్చిందో కూడా తెలుసుకోమనండి. ఇంగ్లండు యూనివర్సిటీల నియంత్రణ సంస్థ ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ బోర్డులో, 2017 చట్టం ప్రకారం, పదవి రీత్యా వచ్చేవాళ్ళు కాక ఏడుగురి నుంచి పన్నెండుగురు సభ్యులుంటారు. వాళ్ళలో కనీసం ఒకరికి విద్యార్థుల తరఫున పనిచేసిన అనుభవం ఉండాలి. అనుభవం ఉంటే చాలు, ఇప్పుడు చదువుతున్నవారే కావాలని లేదు. న్యూజిలాండు ఇంకాస్త గట్టిగా రాసుకుంది. అక్కడి యూనివర్సిటీ కౌన్సిల్లో 8 నుంచి 12 మంది, అందులో కనీసం ఒక విద్యార్థి, కనీసం ఒక ఉద్యోగి ఎన్నికై రావాలి, కనీసం ఒకరు మావోరీ (అక్కడి మూలవాసులు) కావాలి. విదేశీ విద్యార్థికంటూ ప్రత్యేక కుర్చీ రెండు చోట్లా లేదు.

అమ్మాయి తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటి. పాలక మండలిలో కూర్చున్నాక ఆమె సంస్థ మొత్తం మేలు చూడాలి, రహస్య పత్రాలు బయటపెట్టకూడదు. తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఫీజు పెంపు కాగితం ముందే పెడితే పదవి పోతుంది. విదేశీ విద్యార్థుల ఫీజు వాయిదాల గురించి గట్టిగా అడగవచ్చు, తన అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించవచ్చు. ఆ రాత తర్వాతి ఏడాది వచ్చే ప్రతినిధికి పనికొస్తుంది. సొంత ఫిర్యాదుకు మాత్రం బోర్డు దారి కాదు. యూనివర్సిటీ లోపలి దశలన్నీ ముగించి, ముగిసినట్టు లేఖ తీసుకుని, ఆ తేదీ నుంచి 12 నెలల్లో ఓ.ఐ.ఏ. అనే స్వతంత్ర న్యాయనిర్ణేతకు పంపాలి. విద్యార్థికి ఖర్చు లేదు.

ప్రశ్న: ఆస్ట్రేలియా వీసా రాలేదు. కట్టిన 12,000 డాలర్లు పోయినట్టేనని కన్సల్టెన్సీ అంటోంది.
— సింగరాయకొండ

జవాబు: పోలేదు. కోర్సు మొదలవక ముందే వీసా నిరాకరిస్తే కాలేజీ ఉంచుకోగలిగింది కట్టిన కోర్సు ఫీజులో 5 శాతం, లేదా 500 డాలర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అది. 12,000లో 5 శాతం 600, కనుక ఉంచుకునేది 500. మిగిలిన 11,500 నాలుగు వారాల్లో మీకు రావాలి. వీసా దరఖాస్తు రుసుము మాత్రం రాదు. నిరాకరణ లేఖ జతచేసి కాలేజీకి మీరే నేరుగా రాయండి, కన్సల్టెన్సీ ద్వారా వద్దు. కాలేజీ కదలకపోతే, యూనివర్సిటీ స్థాయి చదువులకు 2025 ఫిబ్రవరి 1న మొదలైన నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్ ఉంది. ప్రైవేటు వృత్తి విద్య, భాషా కోర్సులైతే ఓవర్సీస్ స్టూడెంట్స్ అంబుడ్స్‌మన్. రెండూ ఉచితమే.

కన్సల్టెన్సీ మోసం చేసిందనిపిస్తే ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధే. 5 లక్షల లోపైతే రుసుము లేదు. మీరు నివసించే చోటే దాఖలు చేయవచ్చు, కన్సల్టెన్సీ ఆఫీసు హైదరాబాదులో ఉన్నా సరే. గడువు రెండేళ్ళు. ముందుగా 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తెమిలిపోతాయి.

ప్రశ్న: విదేశాల్లో ఎంబీబీఎస్ చదివే పిల్లలకు జాతీయ వైద్య కమిషన్లో ప్రతినిధి ఉన్నారా?
— నెల్లూరు

జవాబు: లేరు. 2019 చట్టం ప్రకారం కమిషన్లో 33 మంది. రోగుల హక్కులు, న్యాయం, ఆర్థిక శాస్త్రం వంటి రంగాల వాళ్ళకు చోటుంది కానీ, విద్యార్థికి లేదు. అయినా ఆ కమిషన్ 2021లో చేసిన నియమాలు ఆ పిల్లల భవిష్యత్తును తేలుస్తాయి: 54 నెలల ఇంగ్లీషు మాధ్యమం చదువు, అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇక్కడికొచ్చాక మళ్ళీ 12 నెలలు. కాలేజీ ఇచ్చే సిలబస్ కాగితంలో నెలలు లెక్కపెట్టండి. భాష నేర్పే ఏడాదిని కూడా 54లో కలిపి చూపే కాలేజీలతో జాగ్రత్త.

ప్రశ్న: అక్కడి బోర్డులకు, కమిటీలకు ఇక్కడినుంచి మనం అభిప్రాయం పంపవచ్చా?
— కోవూరు

జవాబు: పంపవచ్చు. ఆస్ట్రేలియా సెనేటు కమిటీలు ఎవరు పంపినా తీసుకుంటాయి. విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టే 2024 బిల్లును అలాంటి కమిటీకే పంపారు. రెండు పేజీలు మించవద్దు. కమిటీ ప్రకటించిన విచారణాంశాల వరసలోనే రాయండి, ఒక్కో అంశం కింద జరిగింది, దానివల్ల పడిన ఖర్చు, మీరు కోరే మార్పు. ‘విద్యార్థులకు ప్రాతినిధ్యం కావాలి’ అని వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. ‘విదేశీ విద్యార్థులే ఎన్నుకునే ఒక సభ్యుడు, ఓటు హక్కుతో, రెండేళ్ళకు’ అని రాస్తే ఎవరో ఒకరు దాన్ని సవరణగా పెట్టగలరు. పిల్లల పేరు, పాస్‌పోర్టు నంబరు రాయవద్దు, పేరు గోప్యంగా ఉంచమని మొదటి పేజీలోనే అడగండి. ఒకసారి పంపాక అది కమిటీ సొత్తు. వాళ్ళు అనుమతించేదాకా మీరు ఫేస్‌బుక్‌లో కూడా పెట్టకూడదు.